గ్రీసు ఓడలు జంటగానే కదులుతాయి

ఆదివారం పొద్దున. ముందుగదిలో కిటికీ పక్క బల్ల మీద కంప్యూటరు, దాని ముందు బడిపంతులమ్మ. పక్క కుర్చీలో, ఒళ్ళో తన ల్యాప్‌టాప్‌తో ఆమె మరిది. లిఫ్టులు బాగుచేసే మెకానిక్.

“అది కాదు వదినా, ఆ తెల్లజెండా బొమ్మ నొక్కాలి. అక్కడ నువ్వు, ఇక్కడ నేను. రెండు దేశాలూ సంధి చేసుకున్నట్టు. ఆట గౌరవంగా ముగిసిపోతుంది.”

“నొక్కకపోతే?”

“ఇవాళ పన్నెండు దాటితే గ్రీసుకి ఆడేవాళ్ళు లేరని ఆట నడిపేవాళ్ళే తీసేస్తారు. అన్నయ్య పోయాక మూణ్ణెల్లుగా ఎవరూ ఎత్తు వెయ్యలేదు కదా.”

“ఎత్తు వేస్తే సరి.”

“ఎవరు వేస్తారు?”

“కుర్చీలో కూర్చున్నది ఎవరు మరి? నేనేమైనా దిండునా?”

“నువ్వా! ఇది దాగుడుమూతలు కాదు వదినా, నౌకాదళం. ఒక్క ఓడ దింపాలంటే ఇనుము కావాలి, బొగ్గు కావాలి, రేవులో చోటు ఖాళీ ఉండాలి. అన్నీ ఉన్నా, నడిపేవాడికి నడపడం రావాలి.”

“ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నా. ఈ నీలం చుక్కలన్నీ మనవేనా?”

“మీవే. గ్రీసువి. ఎర్రవి నావి, ఇటలీవి. ఈ ఆటలో చరిత్ర వేరు. పాత యుద్ధంలో గ్రీసు గెలిచింది, దీవులన్నీ దానికే దక్కాయి. దీవులైతే దక్కాయి గాని, కాపలా కాయడానికి ఓడలేవీ? అక్కణ్ణుంచి మొదలుపెట్టి అన్నయ్య కట్టుకొచ్చాడు, నేను ముంచుకొచ్చాను.”

“పాపం!”

“మొదట్లో పాపమే. ఉన్న ఇనుమంతా పోసి ఒకే ఒక్క మహా యుద్ధనౌక కట్టేవాడు. దానికి అమ్మ పేరు పెట్టేవాడు, నాకు గుచ్చుకోవాలని. నేను మూడు జలాంతర్గాములతో వెళ్ళి ముంచేవాణ్ణి. మళ్ళీ కట్టేవాడు. మళ్ళీ అమ్మ పేరే.”

“మా అత్తగారిని ఎన్నిసార్లు ముంచావు?”

“నాలుగు... నవ్వకు వదినా.”

“నవ్వట్లేదు. దగ్గు.”

“పోయిన ఏడాది మాత్రం ఏమైందో, ఒక్కసారిగా మారిపోయాడు. పెద్ద ఓడ ఊసే లేదు. ఎనిమిది వారాలు ఒక్క తెప్ప కూడా నీళ్ళలోకి దింపలేదు. ఏం చేశాడనుకున్నావ్? నావికులకి బడి కట్టాడు!”

“బడా? ఓడల్లేకుండా బడెందుకు?”

“నేనూ అదే అనుకున్నా. పగలబడి నవ్వా. ఆ తర్వాత దింపాడు చూడూ, చిన్న చిన్నవి పన్నెండు! ఆ బడిలో చదివినవాళ్ళు ఎక్కితే ఒక్కోటి నా రెంటికి సమాధానం చెప్పింది. పైగా ఏ ఓడా ఒంటరిగా కదలదు. జంటలు జంటలుగానే. రెండు ఎత్తులకోసారి అన్నిటినీ రేవుకి పిలిచి లెక్క చూసుకుంటాడు. ఏం బుర్ర వదినా! ఈ ఆట ఆడేవాళ్ళంతా దానికి పేరు కూడా పెట్టారు, గ్రీకు జోడీ అని.”

“అంత పేరొచ్చిందా!”

“రాదూ మరి! అందుకే చెబుతున్నా, ఎవరో తీసేసేకంటే మనమే ముగిద్దాం. నీకు తెలియందేముంది? అమ్మ పోయినప్పుడు నేను రాలేదని అన్నయ్య ఆరేళ్ళు నాతో మాట్లాడలేదు. ఈ సముద్రం మీదే మళ్ళీ మాటలు కలిశాయి. దీన్ని ఇంకొకళ్ళతో ఆడలేను.”

“సరే. జెండా నొక్కుతాను. ఒక్క ఎత్తు వేశాక.”

“ఎందుకిప్పుడు?”

“చేతి దురద. వెయ్యనిస్తావా, లేదా?”

“వెయ్యి వెయ్యి. ఇదిగో, కోర్ఫూ దీవి దగ్గర చివర్న ఉంది చూడు, దాన్ని అలా ముందుకి... ఆగు. రెండోదాన్ని ఎందుకు పట్టుకున్నావ్?”

“ఒక్కదాన్నే ఎలా పంపను? దారిలో తప్పిపోతే?”

“తప్పిపోవడమేంటి, అది ఓడ! ... వదినా.”

“ఊఁ.”

“రెంటినీ కలిపి కదిపే మీట ఉందని నేను చెప్పలేదే.”

“చెప్పావు.”

“చెప్పలేదు.”

“చెప్పే ఉంటావు.”

“వదినా! ఇప్పుడు అన్నిటినీ రేవుకి పిలుస్తున్నావ్. లెక్క చూస్తున్నావ్!”

“నలభై మంది పిల్లల్ని జంతువుల పార్కుకి తీసుకెళ్ళి, నలభై మందినీ వెనక్కి తెచ్చినదాన్ని బాబూ. చెయ్యీ చెయ్యీ పట్టించి ఇద్దరిద్దర్నీ నడిపించాలి. మలుపు మలుపుకీ తలలు లెక్కపెట్టాలి. నాకు తెలిసిన యుద్ధవిద్య అదొక్కటే.”

“అంటే... పోయిన ఏడాదంతా...”

“మీ అన్నయ్య చేతులు స్వాధీనంలో లేవు. నువ్వొస్తే దుప్పటి కింద దాచుకునేవారు. మొదట్లో ఆయన చెప్పేవారు, నేను నొక్కేదాన్ని. కొన్నాళ్ళకి, ‘నువ్వే చూసుకో, వాడికి అనుమానం మాత్రం రానీకు’ అన్నారు. నీ ఓడ మునిగినప్పుడల్లా మంచం మీంచి ‘వాడి మొహం ఎలా ఉంది?’ అని అడిగేవారు. మొహం కనపడదు కదండీ అంటే, ‘నాకు కనపడుతోందిలే’ అనేవారు.”

“నా తొమ్మిది ఓడలు ముంచింది నువ్వా!”

“పదకొండు. రెండు పొగమంచులో పోయాయనుకున్నావు.”

“అవీ నువ్వేనా! మా అన్నయ్య బుర్ర, మా అన్నయ్య బుర్ర అని కనపడ్డవాళ్ళకల్లా చెప్పుకు తిరిగాను కదే తల్లీ!”

“చెప్పుకుంటే తప్పేముంది? ఆ పొగమంచులోకి వెళ్ళమన్నది ఆయనే. మిగతాది నాది... ఏమైంది? ఉన్నట్టుండి అలా అయిపోయావేం?”

“మరి జవాబులో?”

“ఏ జవాబులు?”

“ఆటలో ఈ పక్కన పెట్టె ఉంది కదా. నేను రాసినవాటికి గ్రీసు నుంచి జవాబులు వచ్చేవి. అవి ఎవరు రాశారు?”

“నేనే. ‘ఇటలీకి ఈత రాదు’, ‘నీ ఓడలకి తుప్పు నా ఓడలకి నవ్వు’, అవన్నీ నావే.”

“అన్నీనా?”

“ఎందుకడుగుతున్నావ్?”

“పోయిన వానాకాలంలో అమ్మ సంగతి రాశాను. రాకపోవడం నా తప్పేనని. ఇంత పొడుగు రాశాను. ఒక్క లైను జవాబొచ్చింది. అది పట్టుకునే ఈ ఇంటి గుమ్మం ఎక్కాను. ఎదురుపడ్డాక ఆ ఊసు అన్నయ్యా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఓడల గురించే మాట్లాడుకున్నాం. అదీ నువ్వే రాశావా?”

“నేనే రాశానంటే?”

“జెండా నొక్కి వెళ్ళిపోతాను. నీ మీద కోపంతో కాదు వదినా. అన్నయ్య ఆ మాట అననే లేదని తెలిశాక, ఇంక ఏ మొహం పెట్టుకుని ఇక్కడ కూర్చోను?”

“ఆ లైను ఇంకా ఉందా?”

“ఉండకేం?”

“తెరిచి చదువు.”

“‘బాధపడకురా. అమ్మకి కోపం లేదు. నాకూ లేదు.’”

“నువ్వు బాగానే చదివావు. అక్కడ ఎలా ఉందో అలా చదువు.”

“అలాగే కదా చదివింది! బా... ద...”

“దకి ఒత్తు ఉందా?”

“లేదు.”

“బాద. వీపు మీద బాదే బాద! ఇరవై రెండేళ్ళుగా తెలుగు చెబుతున్నాను. ఆ ఒక్క మాట చుట్టూ సున్నాలు చుట్టడానికే నా ఎర్రసిరా సగం అయిపోయింది. ఆ రోజు నేను బడి నుంచి వచ్చేసరికి ఒంటివేలితో కొట్టి పెట్టారు. మధ్యాహ్నమంతా పట్టిందట, ఆ ఒక్క లైనుకి. పంపించమన్నారు.”

“మరి నువ్వు దిద్దలేదేం?”

“దిద్దబోయాను. నా చెయ్యి మీద చెయ్యి వేసి, ‘ఉండనీ. ఒత్తు పెట్టావంటే, ఎప్పటికైనా నువ్వే రాశావనుకుంటాడు వాడు’ అన్నారు.”