ఉప్పునీటి సూది

సకల గర్భాలనూ కాచే జగన్మాతకు మ్రొక్కి, విన్నది విన్నట్లు చెబుతున్నాను. సంతానలేమికి మందు కనిపెట్టి పేరుగాంచిన వృద్ధ వైద్యుని ఎదుట తల నెరసిన స్త్రీ కూర్చుని ఉంది.

“ముప్పై ఏళ్ళ క్రితం మీ ప్రయోగంలో నాకు పొడిచింది మందేనా, డాక్టరుగారూ?”

“కాదమ్మా. పోల్చి చూడడానికి సగం మందికి ఉప్పునీరే ఇచ్చాం.”

“మందుకీ లొంగని గొడ్రాలినని మా అత్తగారు పోయేదాకా దెప్పింది. మందు పనిచేస్తే, అప్పుడు అందనివాళ్ళకూ ఇస్తామన్నారుగా?”

“అన్నాను. మందు పనిచేసింది. బిరుదులొచ్చాయి, సభలకు తిరిగాను. గుర్తొచ్చేసరికి మీకు వయసు దాటిపోయింది. ఇప్పుడు ఏ పసిపాప ఏడ్చినా మీ పేర్లే వినిపిస్తున్నాయి.”

“ఎంతమందిమి?”

“నలభై ముగ్గురు.”

“మందే అందలేదని అందరికీ ఉత్తరాలు రాయండి. మొదటిది నాకు. నోటిమాటైతే మా ఆయన నమ్మడు.”

విన్నవారందరికీ ఆ జగన్మాత మనశ్శాంతిని ప్రసాదించుగాక.