అడ్డసుట్ట

"మామ్మా, మీ రోజుల్లో ఊళ్లో మనుషులు ఏ జబ్బులతో పోయేవారు?" అని కదా అడిగావు. ఉండు, విడమరిచి చెప్తాను. కలరా ఉండేది, క్షయ ఉండేది. వాటికి పేర్లున్నాయి. వయసు మళ్లిన ఆడవాళ్లు పోతే మాత్రం పేరుండేది కాదమ్మా. "ఏటైంది?" అంటే "తిండి మానీసింది" అనేవారు. తిండి మానడం జబ్బా? కాదు కదా. ఎందుకు మానిందని ఎవరూ అడగరు.

మాది నౌపడ దగ్గర పల్లె, నేనక్కడ బడిలో టీచర్ని. అరవై ఏడో... కాదు, అరవై ఎనిమిదే, మీ నాన్న నా కడుపులో ఉన్నాడు. మా అత్త, అంటే మీ తాత తల్లి, అడ్డసుట్ట కాల్చేది. అదేటో నీకు తెలీదు కదూ? చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకోవడం. నవ్వకు, మా వైపు ఆడవాళ్లు చాలామంది అంతే. ఉప్పుమళ్ల మీది గాలికి చుట్ట బయట నిలవదు, నోట్లో అయితే ఆరదు. అలాగే నాట్లేసేవారు, అలాగే కోడళ్లని తిట్టేవారు. మా అత్త తిట్టిందంటే పొగ కూడా వచ్చేది.

ఆ ఏడు ఆవిడ ఆవకాయ మానేసింది. తరవాత చారు. ఆఖరికి చల్లారిన గంజే. "వొయసు మీద పడితే తినబుద్దవుద్దేటే?" అన్నారు మీ తాత. నాకు నమ్మకం కుదర్లేదు. "అత్తా, నోరు తెరు" అన్నాను.

"ఒసే, నాను నీ బళ్లో పిల్లనేటే?"

బతిమాలి తెరిపించి చూస్తే అంగుట్లో పుండు. నాలుక పైకెత్తి తడుము, అదిగో, అదే అంగుడు. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. కేన్సరన్నారు, బాగా ముదిరిపోయిందన్నారు. ఆ వేసవి దాటలేదు ఆవిడ.

పెద్దకర్మ నాడు అరుగు నిండా చుట్టాలు. ఎవరో అడిగితే మీ తాత మామూలుగా "తిండి మానీసి..." అంటున్నారు. నేను అడ్డొచ్చాను. "కాదండీ. అడ్డసుట్ట వల్ల అంగుట్లో కేన్సరొచ్చి పోయింది" అన్నాను. కోడలు అలా అనొచ్చా అని మగాళ్లు మొహాలు చూసుకున్నారు. ఆడవాళ్ల బుగ్గలు మాత్రం కదుల్తున్నాయి. ఏటంటే, అందరూ నాలుకతో అంగుడు తడుముకుంటున్నారన్నమాట.

అప్పుడు మా పెద్దాడపడుచు నోట్లో చుట్ట తీసి, నేలకేసి నలిపి నా దగ్గరకొచ్చింది. "ఒసే మేస్టరమ్మా, నాదీ ఓపాలి సూడే" అంది.

మొహం ఎండకి తిప్పి చూశాను. తెల్లటి మచ్చ, దాన్నిండా ఎర్రటి చుక్కలు. పుండు లేదింకా. కనిపించింది కనిపించినట్టు చెప్పి, రేపే ఆసుపత్రికెళ్దాం అన్నాను. తలూపింది. తల తిప్పేసరికి ఆవిడ వెనక ఇంకొకావిడ, ఆ వెనక మరొకావిడ. విస్తళ్లు వేశామని పిలుస్తున్నా కదలరే! అందరూ ఎండకెదురుగా నోళ్లు తెరుచుకుని...

అందరూ కడుపు చల్లగుండాలని దీవిస్తారు, నేను మాత్రం నీ నోరు చల్లగుండాలంటాను, తల్లీ.