మలుపులో కంకర

ఆస్ట్రేలియాలో వాల్చా ఊరు దాటి కొండదారి మొదలయ్యే చోట, రోడ్డు పక్కన గొర్రెల షెడ్డు. ఆదివారం మధ్యాహ్నం. ముసలి పాస్కో కుడిచెయ్యి బల్లకి బిగించిన, పిడి తిప్పితే దవడలు బిగిసే ఇనుప వైసులో ఇరుక్కుని ఉంది. వైసు పిడి క్రెయిగ్ పట్టుకున్నాడు. మణికట్టుకి కట్టుతో తలుపు దగ్గర నిలబడింది అతని వదిన షోనా.

"...మళ్ళీ అడుగుతున్నా ముసలోడా. ఆ మలుపులో కంకర ఎవడు పోశాడు?"

"వానకి కొట్టుకొచ్చి ఉంటుంది బాబూ."

"వానా? నీ పొలంలో గడ్డి చూడు, అగ్గిపుల్ల గీస్తే అంటుకునేలా ఉంది. వానట! విన్నావా వదినా?"

"విన్నాను క్రెయిగ్. ఇక చాలు, పద వెళ్దాం. పోలీసులు చూసుకుంటారు."

"పోలీసులా? 'విచారిస్తున్నాం, విచారిస్తున్నాం' అంటూ తిప్పుకుంటున్నారు. రేపు అన్నని పూడ్చిపెట్టాలి. మీసాలు రాకముందు నుంచీ ఈ దారిలో బైకు తోలినవాడు డారెన్. ఊరికే జారి చచ్చేవాడా? ఏరా పాస్కో, ఇంకో చుట్టు తిప్పనా?"

"వద్దు! వద్దు బాబూ, వేలు... అమ్మా, వేలు విరిగింది!"

"ఒకటేగా. మిగతావి బానే ఉన్నాయిగా."

"నేనే! నేనే పోశాను. వదులు, నేనే పోశాను."

"అదీ! విన్నావా వదినా? నీ మొగుణ్ణి చంపింది వీడే."

"నేను చంపలేదు!"

"నోర్ముయ్. పళ్ళు రాలగొడతా."

"కొట్టు, కానీ విను. ట్రాక్టరులో తెచ్చి పోసింది నేనే. పోయినేడు మా మెర్ల్ ఉత్తరాల పెట్టె దాకా వెళ్ళింది, అంతే. అరవై అని బోర్డుంది అక్కడ. మీలాంటివాడే ఒకడు నూటయాభైలో వచ్చాడు. నేను వెళ్ళేసరికి చెప్పులు గేటు దగ్గరే ఉన్నాయి. తను లేదు. తుప్పల్లో పడి వెతుక్కున్నాను నా పెళ్ళాన్ని."

"దానికి మా అన్న ప్రాణం తీస్తావా?"

"నెమ్మదిస్తారనుకున్నా. పడితే మోకాళ్ళు చెక్కుకుపోయి బుద్ధొస్తుందనుకున్నా. అయినా మీ అన్న పడలేదు బాబూ!"

"ఏంటీ?"

"పడనే లేదు."

"క్రెయిగ్, వీడు చావుభయంతో ఏదేదో వాగుతున్నాడు. పద."

"ఉండు వదినా. నువ్వు చెప్పరా."

"కంకర మీదకొచ్చి తడబడ్డాడు. నిలబెట్టుకున్నాడు. బండి పక్కన పెట్టాడు, హెల్మెట్ తీసి సీటు మీద పెట్టాడు. గేటు దగ్గరున్న నన్ను చొక్కా పట్టుకుని మూతి మీద ఒక్కటిచ్చాడు. ఇదిగో, ఈ పన్ను ఊడగొట్టింది అతనే. 'వెనక మావాళ్ళు వస్తున్నార్రా, చీపురు తే' అని అరిచాడు."

"అబద్ధం."

"చీపురు తెచ్చేలోపే కిందనుంచి బండి మోత వినబడింది. అతను రోడ్డు మధ్యకి పరిగెత్తాడు..."

"అబద్ధం! క్రెయిగ్, ఆ పిడి ఇలా ఇవ్వు."

"వదినా, అసలే నీ చెయ్యి..."

"ఇవ్వమన్నానా! ఏరా ముసలినక్కా, ఎవరికి చెబుతున్నావురా అబద్ధాలు? ఎవరికి? ఎవరికి?"

"అమ్మోయ్! తల్లీ, వద్దు తల్లీ, చచ్చిపోతాను..."

"వదినా, ఆపు! ఎముక బయటికొచ్చింది, ఆపు! లే అవతలికి!"

"నన్ను తోస్తావా? నన్ను?"

"తోస్తాను. ఆ రోజు నేను పెట్రోలు పోయించుకుని మీ వెనక వచ్చేసరికి అన్న బండి స్టాండు మీద ఉంది."

"నేనే లేపి నిలబెట్టానని చెప్పానుగా."

"ఆ విరిగిన చేత్తోనా?"

"ఏమో, ఆ కంగారులో... ఎలా లేపానో."

"దాని మీద ఒక్క గీత లేదు వదినా. ఒక్క గీత. నీ బండి ముందు భాగమంతా నుజ్జు. చెట్టుకి కొట్టుకున్నానన్నావు. నేను మా అన్న మొహం చూస్తూ ఏడుస్తున్నా, ఇంకేం చూడలేదు. హెల్మెట్ సీటు మీదే ఉంది... సీటు మీదే ఉంది."

"ఇప్పుడెందుకివన్నీ?"

"పాస్కో, పోలీసులకెందుకు చెప్పలేదురా?"

"కంకర సంగతి బయటపడుతుందిగా బాబూ. జైలుకి పోవాలిగా ఈ వయసులో. ఈ అమ్మాయే అంది, అతని తల ఒళ్ళో పెట్టుకునే అంది. 'నువ్వు నోరు తెరవకు, నేనూ తెరవను' అని."

"వదినా, ఎంతలో వచ్చావు?"

"ఎప్పుడూ వచ్చినట్టే."

"ఎంతలో?"

"అరవై దాటని మొద్దునని మీ అన్నదమ్ములు ఎప్పుడూ నవ్వేవాళ్ళుగా! మన టీలు చల్లారాక వస్తుంది మహారాణి అనేవాళ్ళుగా! ఆ రోజు మీటరు చూడలేదు. చూస్తే భయమేస్తుందని చూడలేదు."

"అన్న కనబడలేదా?"

"అక్కడ మలుపు కదా..."

"నా మొహం చూసి చెప్పు. రోడ్డు మధ్య నిలబడ్డ మనిషి కనబడలేదా నీకు?"

"కనబడ్డాడు. రెండు చేతులూ పైకెత్తి గంతులేస్తున్నాడు. నన్ను చూసి మురిసిపోతున్నాడనుకున్నాను క్రెయిగ్... ఇంకాస్త రేజ్ చేశాను."