తాడు రెండుసార్లు లాగితే

“ఏంది మామా, మళ్లా లేచేసినావు? కూచో. ఇంకా మూడు సుట్లు ఉండాయి.”

“చాలబ్బా. ఊపిరి ఆడలా.”

“ఊపిరి ఆడేదానికే గదా ఈ పాట్లన్నీ! కూచో అంటే.”

ఫ్యాక్టరీల పేట మనలిలో ఒక మేడమీది వాటా. పొద్దున తొమ్మిదవుతోంది. చాప మీద అలమేలు, ఎదురుగా గోడకు ఆనుకుని ఆమె మొగుడు కాళిముత్తు. పదిన్నరకల్లా అతను ఆస్పత్రిలో మనసు డాక్టరమ్మ ముందు కూర్చోవాలి. వెళ్లనని నిన్నటి నుంచి మొండికేసి ఉన్నాడు.

“నేను రాను మే, ఈ పొద్దు.”

“అది తర్వాత చూద్దాం. ముందు ముక్కు పట్టుకో. కుడిది మూయి, ఎడమ పక్క పీల్చు. బిగబట్టబోకు. నీకు బిగబట్టేది వద్దని డాక్టరమ్మ చెప్పిందా లేదా?”

“చెప్పింది, చెప్పింది.”

“నాలుగు లెక్కకు లోపలికి, ఆరు లెక్కకు బయటికి. లెక్క నేను పెడతా. చెయ్యి ఇట్టా ఇయ్యి. పీల్చేటప్పుడు ఒక తట్టు తడతా, వదిలేటప్పుడు రెండు...”

“చెయ్యి వదులు!”

“అదో, మళ్లా! ఏం చేసినా మామా నేను? సుమ్మా, ఊరికే తట్టినా.”

“నోటితో లెక్కపెట్టు, సరిపోతాది.”

“నోటితో పెడితే నీ చెవికెక్కదు. నిన్నా ఇదే, మొన్నా ఇదే. ఒక తట్టుకు బాగానే పీలుస్తావు. రెండు తడితే తేలు కుట్టినట్టు లేస్తావు.”

“చెమట పోస్తా ఉండాది. ఫ్యాను పెట్టు.”

“ఫ్యాను తిరగతానే ఉండాది. ఎందుకు రానంటావు? ఆరు దఫాలు పోయినావు. కుక్కరు విజిలుకు వీధిలోకి పరిగెత్తేవాడివి, ఇప్పుడు ఇంట్లోనే ఉంటావు. పోయిన వారం నాలుగు గంటలు ఒకటే పట్టుగా నిద్రపోయినావు, నేను చూసినా.”

“ఆ మాత్రం చాలు. ఊపిరి ఈడే పీల్చుకుంటా. ఆమెతో మాట్లాడేది ఎందుకు?”

“ఊపిరి నిన్ను ఆ కుర్చీలో కూచోబెట్టేదానికి, అంతే. రోగం దిగేది చెప్తేనే అనింది గదా. రెండు దఫాలుగా ఆ పొద్దు సంగతి చెప్తా చెప్తా కంపెనీ ట్యాంకు మూత కాడికి వచ్చి నిలిచిపోతా ఉండావు. ఈ పొద్దు మూత దాటల్ల.”

“అది నీకెట్టా తెలుసు?”

“నువ్వే ఆటోలో చెప్తివి.”

“ఇంకేం చెప్పినా?”

“మెలుకువలో ఏమీ చెప్పలా. నోట్లో నువ్వుగింజ నానని మనిషివి, ఇప్పుడు నోరు కుట్టేసుకోనుండావు. నిద్దట్లో చెప్తావు.”

“నిద్దట్లో ఏం చెప్తా?”

“నాకేం తెలుసు.”

“ఏం చెప్తా మే?”

“‘ఉండు, ఉండు’ అంటావు. అంతే.”

“అంతేనా?”

“అంతే. కింద హారను. నాగప్పన్ ఆటో వచ్చేసింది.”

“పొమ్మను.”

“నాగప్పణ్ణా! అయిదు నిమిషాలు ఆగు, వస్తా ఉండాము!”

“రానంటే అర్థం కాదా నీకు?”

“పది నెల్లుగా నువ్వు పాపను ఎత్తుకోలా. మా తమ్ముడు పోయినాడు, సరే, మన్నులో పెట్టినాం. నువ్వు బతికుండి కూడా లేకపోతే నేనేం చేసేది? ఈ పొద్దు నువ్వు ఆటో ఎక్కకపోతే పాపను తీసుకొని మా అమ్మింటికి పోతా. బెదిరించేది కాదు మామా, ఇంక నా చేత కాలా.”

“అలమేలూ...”

“మూత తీసినారు. తర్వాత?”

“నువ్వు డాక్టరువి కాదు.”

“కాను. చిన్నబాబుకు అక్కని. తర్వాత?”

“దిగినాడు. నడుముకు తాడు. తాడు కొస నా చేతిలో. లోపల బురద తోడేది వాని పని, పైన కదలకుండా నిలబడేది నా పని.”

“తాడు ఎందుకు?”

“మూతికి మాస్కు ఉంటాది. లోపలోడి కేక పైకి రాదు. ఒకసారి లాగితే బాగుండానని. రెండు...”

“రెండు?”

“నీళ్లు ఇయ్యి.”

“రెండుసార్లు లాగితే ఏంది మామా?”

“నన్ను పైకి లాగండని.”

“అయ్యో తల్లీ! రోజూ నీ చేతి మీద రెండు తడతా ఉండానే నేను!”

“నీకు తెలీదు గదా. ఏడవబోకు.”

“లాగినాడా వాడు?”

“లేదు.”

“నా పక్క చూసి చెప్పు.”

“ఎంక్వైరీలో ఏం చెప్పినానో అదే. తాడు కదల్లేదు.”

“ఎంక్వైరీ వాళ్లకు ఏమన్నా చెప్పుకో. ఊపిరి వదులు ముందు. నేనూ నీతో కూడా వదలతా, చూడు. మెల్లిగా. లాగినాడా?”

“లాగినాడు.”

“బిగబట్టబోకు మామా. వదులు, వదులు.”

“లాగినాడే! రెండుసార్లు లాగినాడు, ఆగి మళ్లా రెండుసార్లు లాగినాడు. చేతికి తెలిసింది. తెలిసి కూడా... ఇంకో చేతిలో ఫోను ఉండింది.”

“ఫోను గేటు కాడే ఇచ్చేయల్ల గదా?”

“పెద్దది ఇచ్చేస్తి. చిన్నది సాక్సులో పెట్టుకుంటా. అందురూ పెట్టుకుంటారు. ఒక్క నిమిషమే మే. పెట్టేసి చూస్తే తాడు బరువుగా ఉండాది. కేకేసినా. అందురూ వచ్చి లాగినారు. వాడు పైకి వచ్చేటప్పటికి...”

“చాలు. ఇదో, నీళ్లు తాగు. ఇప్పుడు చెప్తివే, ఇట్నే చెప్పు డాక్టరమ్మ కాడ. తెలుగులో చెప్పు, అరవంలో చెప్పు, ఆమెకు రెండూ వస్తాయి.”

“చెప్పలేను.”

“ఆ మాట గది దాటి పోదని ఒట్టేసింది గదా? కంపెనీకి తెలస్తాదనా?”

“తెలియనీ. ఉద్యోగం పోనీ, జైల్లో పెట్టనీ. దానికి కాదు నా భయం.”

“మరి దేనికి?”

“దేనికీ లేదు.”

“ఫోను ఎవురిది?”

“ఏ ఫోను?”

“ఆ పొద్దు నీకు ఫోను చేసింది ఎవురు మామా?”

“కోటి.”

“ఏ కోటి?”

“ఎన్నూరు కోటి. హార్బరులో లారీ తోలతాడే, వాడు.”

“ఏం అడిగినాడు?”

“ఏదో... లారీ సంగతి. గుర్తులేదు.”

“పది నెల్లుగా అన్నీ గుర్తొచ్చి నిద్దర పట్టలా నీకు. అది ఒకటి గుర్తులేదా?”

“కోటే అంటా ఉండా గదా! కోటి, కోటి, కోటి! చాలునా? ఇంక అడగబోకు, నీ కాళ్లు పట్టుకుంటా.”

“డాక్టరమ్మతోనూ అట్నే చెప్తావా?”

“అట్నే చెప్తా. పద, పోదాం. కోటి అని చెప్పేస్తా, ఆడికి అయిపోతాది.”

“కూచో.”

“నువ్వే గదా ఎక్కు ఎక్కు అంటివి! లే, ఆటో పోతాది.”

“నాగప్పన్ ఉంటాడు. అన్నం తిన్నాక ట్యాంకులోకి దిగినాడని నాకెందుకు చెప్తివి?”

“ఎప్పుడు దిగితే ఏంది ఇప్పుడు?”

“వాని టిఫిను డబ్బా ఇంటికి వచ్చింది. నేను కట్టిచ్చిన పులుసన్నం కట్టినట్టే ఉండింది. అన్నం పొద్దుకు ముందే పోయినాడు వాడు.”

“వద్దు అలమేలూ. వద్దు. నువ్వు అది తలుచుకోబోకు.”

“కోటి చేయలా మామా, పదకొండున్నరకు ఆ ఫోను నేను చేసినా. ‘ఉండు మే, వాడు తాడు లాగతా ఉండాడు’ అని నువ్వు పెట్టేయబోతే, ‘పెట్టేస్తే ఊరుకోను, మన పాపకు చెవులు కుట్టేదానికి ఏ ఆదివారం వచ్చి ఒళ్లో కూచోబెట్టుకుంటాడో దాని మేనమామ చిన్నబాబునే ఇప్పుడే అడిగి చెప్పు’ అని నిన్ను ఆపింది నేనే.”