పేస్టు పూసిన గుడ్డు

సకల జనుల సమ్మె రోజులు. రఘునాథపల్లిలో బళ్లు మూత, బస్సులు బంద్, వెంకట్రాజం కిరాణా దుకాణమూ మూత. గల్లాపెట్టె ముందు కూర్చుని బతికిన మనిషికి ఖాళీ అరుగు మీద కుదురెక్కడిది? కూర్చుంటాడు, లేస్తాడు, సడక్ వైపు చూస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. చేతికి పని లేకపోతే నోటికి పని పడుతుంది. ఆ పూట ఆటో నడిపే జైసింగు దొరికాడు. పక్కింటి సఫియా బేగం తన గడపలో బియ్యం ఏరుకుంటూ వింటోంది.

"బడి బందయితే ఏంది జైసింగూ, మా బిడ్డ సుష్మితతోని నేనే సైన్సు చేయించిన. గుడ్డు పెంకు మన పంటి లెక్కనే ఉంటదట. ఒక గుడ్డుకు పేస్టు పూసినం, ఇంకోదానికి పూయలే. రెండింటినీ కూల్‌డ్రింకుల నానబెట్టినం. పూయనిది నల్లగై మెత్తవడ్డది. పూసింది జరంత గూడ చెక్కు చెదరలే!"

"మంచిగున్నది సేటూ," అన్నాడు జైసింగు.

ఉత్త మంచిగుందంటే వెంకట్రాజానికి ఆనుతుందా? లేచి నిలబడ్డాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గా పేస్టు గుడ్డు చెయ్యిజారి కిందవడ్డది. గుడ్డు పగల్లే, మా ఇంట్ల షాబాదు బండ పగిలింది! అట్లనే దొర్లుకుంట సడక్ మీదికి వోయింది. ఎదురుంగ పోలీసోళ్ల లారీ. గుడ్డు మీదికి ఎక్కిందో లేదో టైరు ఢామ్మన్నది! లారీ అడ్డం తిరిగె, ఎనుక బండ్లన్ని ఆగె, ఇటు పెంబర్తి దాక, అటు ఘన్‌పూర్ దాక! మనోళ్లు రాస్తారోకోకని జెండాలు వట్టుకొని వస్తే, ఆపుతందుకు ఒక్క బండన్న మిగిలిందా? ఢిల్లీకి ఫోన్లు వోయినయ్, తెలంగాణ ఇచ్చేదాక గా గుడ్డు లెవ్వదట అని!"

"ఏం గుడ్డురా?"

వెంకట్రాజం తల్లి దుర్గమ్మ కర్ర పట్టుకుని గడప దాకా వచ్చేసింది. నీచు వాసన సోకితేనే ఇల్లంతా కడిగించే మనిషి.

"మనింట్లకు గుడ్డు తెచ్చినవా? ఇగ ఈ ఇంట్ల మంచినీళ్లు ముట్ట. కొడకండ్లకు, నీ అక్క ఇంటికి వోత. బస్సుల్లేకుంటే నడిసే వోత."

వెంకట్రాజం పైప్రాణాలు పైనే పోయాయి. ఆమె అన్నంత పనీ చేస్తుంది.

"లేదే అమ్మా, ఉత్త కోతలు కోసిన! మనింట్ల కాదు, సఫియా చెల్లె ఇంట్ల చేసింది పిల్ల. బండ పగల్లే, లారీ లేదు, ఏం లేదు. గుడ్డు గాలి గూడ నాకు సోకలే. కావాల్నంటే చెల్లెనడుగు!"

దుర్గమ్మ అటు తిరిగింది. సఫియా చాట పక్కన పెట్టింది. వంటింటి జిగురు కడిగి, చీమలు ఊడ్చి నడుం విరిగింది తనది. సైన్సు చేయించింది మాత్రం ఈయనట. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"నిజమే అవ్వా, గుడ్లు మా ఇంట్లనే ఉండె. అన్న వాటిని ముట్టలే."

వెంకట్రాజం ఊపిరి పీల్చుకున్నాడు.

"గుడ్లు తీసినంక గిలాసలల్ల కూల్‌డ్రింకు మిగిలితే, పారవోద్దామని పక్కకు పెట్టిన. దుకాండ్లన్ని బందు, అన్నకు దూపయినట్టుంది. వచ్చి గటగట తాగి, ‘చెల్లే, ఇంకింత ఉన్నదా’ అన్నడు."

తను తాగిందేమిటో వెంకట్రాజానికి అప్పుడే తెలిసింది.

దుర్గమ్మ కర్రెత్తి పెరట్లో బావి వైపు చూపించింది.

"నడువ్. ఇల్లు కాదురా, కడగాల్సింది నిన్ను."