బాగున్నామని రాసుకో

ప్రభుత్వం పేదలకిచ్చిన ఇళ్ళలో మూడో అంతస్తు గది. ఏడాదికోసారి ప్రశ్నల కాగితాలతో వచ్చే సర్వే అమ్మాయి, ఆ ఇంటి కుట్టుపని అక్క.

“చేతినిండా పనుందని రాసుకో తల్లీ. పోయినేడాది కంటే బాగుందని కూడా రాయి.”

“నేనింకా ఏమీ అడగలేదక్కా.”

“నాలుగేళ్ళుగా అడిగేవేగా. నాకు నోటికొచ్చేశాయి.”

“మరి మిషనేదీ?”

“మిషనా... రిపేరుకిచ్చా.”

“పోయినేడాదీ రిపేరుకే ఇచ్చానన్నారు.”

“పాతది కదా, దానికెప్పుడూ ఏదో ఒక రోగం. నువ్వు తర్వాతిది అడుగు.”

“ఈసారి ప్రశ్నల్లేవక్కా. ఎదురు బిల్డింగుకి సాయమిచ్చే స్కీము ఆపేస్తున్నారు. చెప్పి పోదామని వచ్చా.”

“ఆపేస్తారా? మరి ఎదురు బిల్డింగులో మా చెల్లి? నర్సు ట్రైనింగు ఇంకా ఆరు నెలలుంది. దాని ఫీజు స్కీమువాళ్ళేగా కట్టేది?”

“ఇక కట్టరు.”

“ఎందుకని? అది రేయింబవళ్ళు చదువుతోంది. తన కాళ్ళ మీద తను నిలబడుతుందనేగా...”

“చీటీ తీస్తే సాయం వాళ్ళ బిల్డింగుకి వచ్చింది, మీకు రాలేదు. గుర్తుందా?”

“ఎందుకు గుర్తుండదు.”

“సాయం అందినవాళ్ళెలా ఉన్నారు, అందనివాళ్ళెలా ఉన్నారు అని చూడ్డానికే మేం రెండు బిల్డింగులూ తిరిగాం. తేడా ఏం కనబడలేదు. ఏ సాయం లేకుండానే మీరూ బాగున్నారు కాబట్టి స్కీము దండగన్నారు.”

“మేమా? మేం బాగున్నామా?”

“మీరేగా చెప్పారక్కా, నాలుగేళ్ళూ.”

“మిషను అమ్మేసి రెండేళ్ళయింది తల్లీ. పని లేదు. ఒంటిపూట తింటున్నా. ఇప్పుడు రాయి. పాతదంతా కొట్టేసి ఇది రాయి.”

“రిపోర్టు పోయిన వారమే వెళ్ళిపోయింది. మిషను లేదని నాకూ కనబడింది. కాగితంలో ఆ ప్రశ్న లేదు, నేను అడగలేదు.”

“ఏ బిల్డింగువాళ్ళు బాగున్నామన్నా స్కీముకే మంచి పేరొస్తుందనుకున్నా. చెల్లి చదువు ఆగదనుకున్నా.”

“ఏడవకండి. మీ ఒక్కరి మాటతో పోయింది కాదు. ఈ బిల్డింగులో నలభై ఇళ్ళూ అదే చెప్పాయి.”

“ఆ నలభై ఇళ్ళకీ మెట్లెక్కి, అలా చెప్పమని బతిమాలింది నేనే తల్లీ.”