రెల్లుపూల వాగు

రేపు చర్చిలో కోత పండుగ. చంద్రపూర్ దగ్గరి గని కాలనీలో, క్వార్టర్ గుమ్మం ముందు ఇద్దరు: పాటలు కట్టే ముసలి ప్రేమయ్య, చర్చిలో పాటల గుంపును నడిపే మనవరాలు కెజియా.

"నల్ల మంచు తీసెయ్యి తాతా. గా ఒక్క ముక్కనే."

"తియ్య."

"పూరా పాట మార్చమంటలేను. 'బట్టల మీద నల్ల మంచు, బువ్వ మీద నల్ల మంచు'... గదొక్కటి."

"పాట అదే. మిగిలింది తాళం."

"రేపు గని పెద్ద సాహెబ్ వస్తుండు. పాస్టరయ్యనే పిలిచిండు. చర్చికి కొత్త రేకులు ఏపిస్తనన్నడట. ఆయన ముందల బొగ్గు దుమ్ము మీద పాట పాడితే..."

"ఏమైతది?"

"ఏమైతదంటే... రేకులు రావు."

"తడుస్తం."

"జిద్దు చెయ్యకు తాతా! కోత పండుగంటే పంట, పచ్చదనం, దేవుని సృష్టి. నలుపు మీద ఎవరన్న పాడ్తరా?"

"రేపు మీ అమ్మ కానుకకు ఏం తెస్తుంది?"

"గోబీ."

"ఎవరి చేన్ల పండింది?"

"ఎవరి చేనంటే... బజార్ల కొన్నది."

"బజారు గోబీ దేవుని ముందట పెట్టి, మా చేను పంట అని పాడాలె. నేను పాడ."

"మరి పడుచుగున్నప్పుడు పచ్చగనే కడితివి గద!"

"పచ్చగుండె. చూసింది కట్టిన."

"తర్వాత?"

"గనిల దిగిన. చీకటితోని పోవుడు, చీకటితోని వచ్చుడు. సూర్యుడు ఆదివారమే కనబడె. నా సూర్యుని పాటలన్ని ఆదివారం పాటలే."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నల్ల మంచు."

"సరే, ఇను. కోపం చెయ్యకు. నువ్వు మార్చకపోతే నీ పాత పాటనే పాడమన్నడు పాస్టరయ్య. 'తెల్లారి వాగు తల దువ్వుకుంది, రెల్లుపూలు జడల పెట్టుకుంది.' అందరికి నోటికొచ్చు."

"వద్దు."

"అరే, అది నీదే గద!"

"నాదే. అందుకే వద్దంటున్న. లేని వాగును ఉన్నదని ఎట్ల పాడుతరు?"

"లేకపోవుడేంది? బైబిల్ల ఉంది గద."

"ఏంది ఉంది?"

"యోర్దాను నది. మా పాటల గుంపుల జెస్లిన్, ప్రిన్స్, నేను... చిన్నప్పటి సంది యోర్దాను అనుకునే పాడుతున్నం. కాదా? ఎందుకు నవ్వుతున్నవ్?"

"యోర్దాను కాదే పిచ్చిపిల్లా. మన వాగు. మీ నాయనమ్మ బట్టలుతికింది అండ్లనే. నాకు బాప్తిస్మం ఇచ్చింది అండ్లనే."

"మన వాగా? ఏడుంది? నేనెన్నడు చూడలే."

"గదో, మట్టిగుట్ట."

"గని మట్టిగుట్టనా? మేం రోజు ఎక్కి జారిన గుట్ట?"

"దాని కింద. గని తవ్విన మట్టి లారీల మీద లారీలు తెచ్చి పోసిండ్రు."

"ఎవరు పోయించిండ్రు?"

"రేపొచ్చే సాహెబ్ కుర్చీల అప్పుడు కూసున్నోడు."

"నాకెందుకు చెప్పలే తాతా?"

"నువ్వు అడగలే. ఇగ పో. ముసలోడు ఇనలేదని చెప్పు పాస్టరయ్యకు."

"చెప్త. పాత పాటనే పాడుతున్నం అని గూడ చెప్త."

"కెజియా!"

"ఒక్క మాట మార్చం. పచ్చగనే పాడుతం. సాహెబ్ గూడ తల ఊపుతడు చూడు. కాని పాట మొదలువెట్టే ముందు, గుట్ట దిక్కున్న కిటికీ నేను తెరుస్త. నువ్వు లేచి, వాగు ఏడుండెనో చెయ్యి చాపి చూపియ్యి."